పలక నుంచి ఫలకం దాకా

పళ్లెంలో రెండు తెల్ల రాళ్లు. రెండూ గాజులా మెరుస్తున్నాయి. పట్టుకుని వెలుతురుకు ఎత్తితే రెండింటిలోంచీ మసకగా వెలుగు వస్తోంది. ఒకదాని మీద నల్ల సిరాతో 4 అని, ఇంకోదాని మీద 9 అని రాసి ఉంది. పేర్లు లేవు. అధ్యాపకురాలు కూడా చెప్పలేదు. "ముందు చూడండి, తర్వాత గీయండి. పేరు చివర్లో దానంతట అదే వస్తుంది" అన్నారు.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున ఉన్న ఒక కమ్యూనిటీ కళాశాలలో భూగర్భశాస్త్రం ప్రయోగశాలకు అది నా మొదటి సాయంత్రం. కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రభుత్వ కళాశాలలు 116 ఉన్నాయి. ప్రవేశ పరీక్ష ఉండదు, వయసు అడ్డు కాదు. రాష్ట్ర నివాసులకు ఫీజు, కోర్సు పరిమాణాన్ని కొలిచే యూనిట్‌కు 46 డాలర్లు. మా కోర్సు నాలుగు యూనిట్లది కాబట్టి 184 డాలర్లు అయింది. నా బల్ల దగ్గర కూర్చున్నవారిలో ఒకరు రాత్రి విధులకు వెళ్లే నర్సు, ఒకరు ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన, ఇంకొకరు ఆ ఏడాదే హైస్కూలు పూర్తి చేసిన కుర్రవాడు. ముగ్గురికీ రాళ్ల గురించి నాకు తెలిసినంతే తెలుసు. ఈ చదువుకు అంతకంటే మంచి మొదలు ఉండదని నా నమ్మకం. ఇక్కడ పాఠ్యపుస్తకం మాటను ఎవరూ ఊరికే నమ్మనక్కరలేదు. చేతిలో రాయి ఉంది, అడిగి చూడవచ్చు.

అడగడానికి మొదటి సాధనం ఒక గాజుబిళ్ల. దాన్ని చేతిలో పట్టుకోకూడదు, పగిలితే కోసుకుంటుంది. బల్ల మీద పరిచి, రాయి మొనను గట్టిగా నొక్కి లాగాలి. నాలుగో నంబరు రాయి లాగితే గాజు మీద తెల్లటి గీత పడింది. తొమ్మిదో నంబరుతోనూ పడింది! రెండూ ఒకటే అనుకుని రాసేయబోయాను. అధ్యాపకురాలు వచ్చి ఆ గీతల మీద బొటనవేలితో రుద్దమన్నారు. తొమ్మిదోది చెరిగిపోయింది. అది గాజు మీద పడిన గీత కాదు, గాజుకు ఓడిపోయి రాయి రాల్చిన పొడి. నాలుగోది మాత్రం వేలిగోటికి తగులుతూ అలాగే ఉంది. ఏది దేన్ని గీసిందన్నది ఇంత చిన్న విషయమే, కానీ వేలు పెట్టి రుద్దేదాకా తెలియదు.

జర్మన్ ఖనిజశాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో పది ఖనిజాలను ఇలా ఒకదానితో ఒకటి గీయించి కాఠిన్యం మెట్లు కట్టాడు. అన్నిటికంటే మెత్తని టాల్క్ 1, వజ్రం 10. మన గోరు రెండున్నర, గాజు ఐదున్నర దరిదాపుల్లో ఉంటాయి. నాలుగో నంబరు రాయి క్వార్ట్జ్, దాని కాఠిన్యం 7. మన చేలగట్ల మీద, వాగుల్లో దొరికే పలుగురాయి ఇదే. తొమ్మిదోది కాల్సైట్, కాఠిన్యం 3. దాని మీద ఒక్క చుక్క పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే సన్నగా బుసబుసమని నురుగు వచ్చింది. రాయిలోని కార్బొనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతున్న చప్పుడది. సున్నపురాయి నిండా ఉండేది ఈ కాల్సైటే. మన ఇళ్లలో కడప రాయి గట్టు మీద, తాండూరు నాపరాళ్ల మీద నిమ్మరసం ఒలికితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. వెంటనే తుడవమని అమ్మ కేకలేసేది ఇందుకే. అవి సున్నపురాళ్లు. నిమ్మకాయలోని ఆమ్లం మెల్లగా చేసే పనినే ప్రయోగశాలలోని చుక్క క్షణంలో చేసి చూపించింది.

ఇంకో తెల్లరాయి చూడటానికి మామూలుగానే ఉంది, చేతిలోకి తీసుకోగానే మణికట్టు కిందికి వాలింది. అది బెరైట్. అదే పరిమాణంలో ఉన్న నీటికంటే దాదాపు నాలుగున్నర రెట్లు బరువు. క్వార్ట్జ్ అయితే రెండున్నర రెట్లు దాటి కొంచెమే. బెరైట్‌ను మనం ముగ్గురాయి అంటాం. రాజంపేట ప్రాంతంలోని మంగంపేటలో దాని నిల్వ ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి పోసే చిక్కని బురదలో కలిపేది ఈ పొడినే. దాని పనికి ఆ బరువే ఆధారం.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించిన పరీక్ష మాత్రం గీత రంగు చూడటం. మెరుగు లేని పింగాణీ బిళ్ల మీద ఖనిజాన్ని గీసి, రాలిన పొడి రంగు చూస్తారు. హెమటైట్ ఉక్కులా తళతళలాడుతున్నా దాని గీత ఎర్రమట్టి రంగులో పడుతుంది. బంగారంలా మురిపించే పైరైట్ గీత ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. పై రంగు మారవచ్చు గానీ పొడి రంగు అంత తేలిగ్గా మారదు. పింగాణీ మీద గీస్తూ ఉండగా నా చేతికి ఆ కదలిక ఎప్పటిదో గుర్తొచ్చింది. అది పలక, బలపం. పాతకాలపు బలపం స్టియటైట్ అనే మెత్తని రాయి, దానిలో ముఖ్యమైనది కాఠిన్యం 1 ఉన్న టాల్క్. పలక దానికంటే గట్టిది కాబట్టి బలపమే అరిగి తెల్లని పొడి అవుతుంది. అక్షరాలు దిద్దిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఈ పరీక్షను వేలసార్లు చేసినవారే.

ఆ పలక కథ మూడు వారాల తర్వాత రూపాంతర శిలల పాఠంలో తెలిసింది. సముద్రం అడుగున పేరుకున్న మెత్తని బురద ముందు పొరలు పొరలుగా షేల్ అనే రాయి అవుతుంది. తర్వాత పర్వతాలు పుట్టే వేళ పక్కల నుంచి నొక్కిడి, లోపలి నుంచి వేడి కలిసి అందులోని బంకమట్టి ఖనిజాలను సన్నని అభ్రకపు రేకులుగా మారుస్తాయి. ఆ రేకులన్నీ నొక్కిడికి అడ్డంగా, ఒకే వైపు తిరిగి పడుకుంటాయి. అందుకే ఆ రాయిని ఉలితో తడితే నునుపైన పలకలుగా విడిపోతుంది. ఇందులో నన్ను నిలబెట్టేసిన సంగతి, ఆ విడిపోయే దిశ బురద పొరల దిశ కానక్కరలేదన్నది. పళ్లెంలోని నమూనాను పక్కకు తిప్పి చూస్తే పాత పొర ఒకటి మాసిన చారలా ఏటవాలుగా పోతూ కనిపించింది. సముద్రం గీసిన గీత ఒకవైపు, పర్వతం గీసిన గీత ఇంకోవైపు, రెండూ నా అరచేతిలో ఉన్నాయి. మార్కాపురం పలకలు వచ్చిన నల్లమల రాళ్లు ఇలా తయారైనవే, నూరు కోట్ల ఏళ్లకు పైబడినవి.

ఫలకం అన్న సంస్కృత పదమే తెలుగులో పలక అయింది. భూమి పైపెంకు ముక్కలకు మన పుస్తకాలు పెట్టుకున్న పేరు కూడా ఫలకమే. మా కోర్సులో తర్వాతి అధ్యాయం దాని గురించే. దాన్ని చదవడానికి మేమున్న చోటును మించిన చోటు లేదు. అక్కడ పసిఫిక్ ఫలకం ఉత్తర అమెరికా ఫలకాన్ని ఒరుసుకుంటూ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు వాయవ్యంగా జరుగుతోంది. ఆ కదలికలో ఎక్కువ భాగం శాన్ ఆండ్రియాస్ భ్రంశానికి, అంటే రెండు ఫలకాల మధ్య రాళ్లు తెగి జారే చీలికకు, దాని పక్క చీలికలకు పోతుంది. ఆ పక్క చీలికల్లో ఒకటైన హేవార్డ్ భ్రంశం వాటా ఏడాదికి దాదాపు 9 మిల్లీమీటర్లు. ఇది బర్క్‌లీ, ఓక్‌లాండ్, హేవార్డ్, ఫ్రీమాంట్ నగరాల మధ్యలోంచి పోతుంది. ఫ్రీమాంట్‌లో ఎన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు.

ఒక శనివారం హేవార్డ్ వీధుల్లో నడిచాం. 1930 ప్రాంతంలో భ్రంశం మీదే కట్టిన పాత పురపాలక భవనం ఖాళీగా నిలబడి ఉంది. రోజ్, ప్రాస్పెక్ట్ వీధుల మూలలో ఉన్న కాలిబాట అంచును పరిశోధకులు 1970ల నుంచి ఫొటోలు తీస్తూ వచ్చారు. తిన్నగా వేసిన కాంక్రీటు ఏటేటా కొంచెం కొంచెంగా తెగి పక్కకు జరిగింది. చక్రాల కుర్చీలకు వీలుగా 2016లో నగరం దాన్ని తీసేసి కొత్తది వేసింది. అధ్యాపకురాలు పాత ఫొటోలు చూపించి, పక్క వీధుల్లో వెతకమన్నారు. నర్సు ముందుగా కనిపెట్టింది. ఒక అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, దాని వెంట కన్ను పెట్టి చూసి చెయ్యి ఊపింది. గీసినట్టు రావలసిన అంచు, ఒక చోట విరిగి, అవతలి ముక్క కుడివైపుకు జరిగి ఉంది. మేం ఎదురు వైపుకు వెళ్లి తిరిగి చూశాం. అక్కడి నుంచీ అవతలిది కుడివైపుకే జరిగినట్టు కనిపించింది. ఏ వైపున నిలబడి చూసినా అంతే.

నేల పైన ఈ జారుడు ఏడాదికి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇరవై ఏళ్లకు 10 సెంటీమీటర్లు, అంటే అరచేతి వెడల్పు. లోతున నడిచేది 9, పైన జారేది 5. మిగిలినదంతా లోపల అతుక్కుపోయిన రాళ్లలో బిగువుగా పోగవుతుంది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత, విరిగి పక్కకు జరిగిన కంచెలను, సర్వే కొలతలను చూసి అమెరికన్ భూభౌతిక శాస్త్రవేత్త హ్యారీ రీడ్ ఈ సంగతి వివరించాడు. రాయి కూడా వంచిన బెత్తంలాంటిదే, పట్టు తప్పగానే ఎగిసి తిన్ననవుతుంది. హేవార్డ్ భ్రంశం చివరిసారి అలా తిన్ననైంది 1868 అక్టోబరు 21న. సుమారు 30 మంది చనిపోయారు. ఫ్రీమాంట్‌లో ఒక పాత మడుగు దగ్గర కందకాలు తవ్వి బురద పొరలను చదివినవారికి దాదాపు 1900 ఏళ్లలో పన్నెండు పెద్ద భూకంపాల జాడలు దొరికాయి. సగటున నూట అరవై ఏళ్లకు ఒకటి. సగటు అంటే గడువు కాదని మా అధ్యాపకురాలు రెండుసార్లు చెప్పారు. అయినా తరగతిలో అందరం మనసులోనే 1868కి 160 కలుపుకున్నాం.

ఇంటికి వచ్చి ముందు గ్యారేజీలోకి వెళ్లాను. నీళ్లు కాచే ట్యాంకును గోడకు పట్టీలతో బిగించడం కాలిఫోర్నియాలో చట్టం. అవి ఉన్నాయి, లాగి చూశాను, బిగువుగానే ఉన్నాయి. పిల్లల గదిలో పుస్తకాల బీరువాకు మాత్రం ఏమీ లేదు. నా ఎత్తుకు మించిన బీరువా, పక్కనే మా చిన్నదాని మంచం. ఆ రాత్రే మంచాన్ని ఎదుటి గోడకు జరిపాం. మర్నాడు ఉదయం గోడ లోపల ఊతంగా నిలబెట్టిన కర్ర ఎక్కడుందో తట్టి తట్టి చూసి, రెండు ఇనుప కోణాలు బిగించాం.