న్యూటన్ గీతలు గీసిన ఇల్లు

చిన్నూ, లడ్డూ,

ఇంగ్లండ్ దాకా వెళ్లి రాజుగారి కోట చూడకుండా పొలాల మధ్య పాత ఇల్లు చూసొచ్చావేంటి తాతయ్యా అని ఫోన్‌లో ఒకటే నవ్వారు కదా, అందుకే ఈ ఉత్తరం.

ఆ ఇల్లు లింకన్‌షైర్‌లో, ఊల్స్‌థార్ప్ అనే పల్లెలో ఉంది. 1642 డిసెంబరు 25న న్యూటన్ పుట్టింది అక్కడే. పుట్టినప్పుడు లీటరు చెంబులో పట్టేంత ఉన్నాడట! పేరుకి మేనర్ (అంటే జమీందారు బంగళా) అంటారు గానీ గొర్రెలు పెంచుకునే రైతు ఇల్లది.

ఇల్లంతా సున్నపురాయి. మన హాల్లో పరిచిన నాపరాళ్లూ సున్నపురాయే, కాకపోతే అవి నున్నగా నల్లగా ఉంటాయి, అక్కడి రాయి లేత పసుపు, దగ్గరగా చూస్తే చేప గుడ్లలాంటి సన్నటి గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. ఇలాంటి గోడల్ని రెండు వరసలుగా లేపి, మధ్యలో చిన్న రాళ్లూ సున్నమూ కూరి, రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడా ఒక పొడుగు రాయిని అడ్డంగా పెడతారు. లోపలికి చేరిన తేమ ఆ సున్నంలోంచే బయటికి పోతుంది. గట్టిగా ఉంటుంది కదా అని సందుల్లో సిమెంటు మెత్తితే నీళ్లు లోపలే ఉండిపోయి రాయే పొరలు పొరలుగా ఊడొస్తుంది.

ఆ చుట్టుపక్కల పాత ఇళ్ల కప్పుల కథ ఇంకా బాగుంటుంది. కాలీవెస్టన్ అనే ఊళ్లో తవ్విన రాతి దిమ్మల్ని చలికాలం ఆరుబయట పడేసి తడుపుతూ ఉండేవాళ్లు. పొరల్లోకి దిగిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే రాయి దానంతటదే పలకలుగా చీలేది. ఆ ఏడు సరిగ్గా చలి పడకపోతే పలకల్లేవు, అంతే! ఇప్పుడు ఫ్రీజర్లలో పెట్టి చీలుస్తున్నారట. పెద్ద పలకలు చూరు దగ్గర, పైకి పోయేకొద్దీ చిన్నవి.

అప్పట్లో పెద్ద అద్దాలు చేయడం కష్టం, అందుకే కిటికీల మధ్యలో రాతి కమ్మీలు పెట్టి, చిన్న చిన్న అద్దం ముక్కల్ని సీసంతో అతికేవాళ్లు. 1665లో ప్లేగు వచ్చి కేంబ్రిడ్జి యూనివర్సిటీ మూసేస్తే న్యూటన్ ఇంటికొచ్చేశాడు (మీ లాక్‌డౌన్ లాగే). కిటికీ రెక్కకి చిన్న కన్నం పెట్టి, లోపలికి పడిన ఎండని పట్టకంతో రంగులుగా విడగొట్టింది ఈ ఇంట్లోనే అంటారు.

ఇంకోటి. 1920ల్లో, 30ల్లో ఆ ఇంట్లో ఉన్నవాళ్లు గోడలకంటించిన పాత కాగితాలు పీకితే కింద గీతలు, బొమ్మలు బయటపడ్డాయి. 2017లోనైతే, రకరకాల దిక్కుల నుంచి వెలుతురు వేసి ఫొటోలు తీస్తే, పొయ్యి పక్క గోడ మీద గాలిమర బొమ్మ తేలింది. మామూలుగా చూస్తే కంటికి ఆనదు. పిల్లాడిగా ఉన్నప్పుడు న్యూటనే చెక్కి ఉంటాడని అనుకుంటున్నారు.

లడ్డూ, ఈ ఉత్తరం చూపించి, మొన్న కొత్త పెయింట్ మీద నువ్వు గీసిన ఏనుగు గురించి మీ అమ్మతో వాదన పెట్టుకోకు. నేను నీ పక్షం రాను.

మీ తాతయ్య