షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడానికి పెట్టే ఆ టిక్ వెనక ఏముంది?

మూడేళ్ల కిందటి మాట. హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసు. పదిహేను సీట్లు, మూలన బీరువా పక్కన ఒక పాత నాస్ డబ్బా, అంటే అందరి ఫైళ్లూ ఒకేచోట దాచడానికి నెట్‌వర్క్‌కు కలిపిన డిస్క్ పెట్టె. క్లయింట్ల ఫైళ్లన్నీ అందులోనే. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లలో ఆ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు, పాత కంప్యూటర్లలో మాత్రం మామూలుగానే వస్తోంది. రిటర్నుల గడువు దగ్గర పడి అందరికీ టెన్షన్. నేను వెళ్లేసరికే అక్కడి కుర్రాడు దారి కనుక్కున్నాడు. విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి, ఎస్ఎంబీ 1.0 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి పక్కన టిక్ పెట్టి రీస్టార్ట్ చేశాడు. ఫోల్డర్ తెరుచుకుంది.

హైదరాబాద్‌లో చిన్న ఆఫీసుల సిస్టమ్స్ చూసేవాళ్లలో ఈ టిక్ పెట్టనివాళ్లు అరుదు. నేనూ పెట్టాను. మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీ 1.0ను ఎందుకు తీసేసిందో తెలిశాక మళ్లీ పెట్టలేదు.

ఎస్ఎంబీ అంటే ఒక కంప్యూటర్‌లోని ఫైలును, ప్రింటర్‌ను ఇంకో కంప్యూటర్ వాడుకోవడానికి రెండూ మాట్లాడుకునే భాష. 1980ల మొదట్లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దానికి రూపం ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని లాన్ మేనేజర్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌లోనూ, తర్వాత విండోస్‌లోనూ పెంచింది. అప్పటి నెట్‌వర్క్ అంటే ఒకే గదిలో ఒకరికొకరు తెలిసినవాళ్లది. బయటివాడు లోపలికి వస్తాడన్న ఊహతో ఎవరూ దాన్ని కట్టలేదు.

ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1992 ప్రాంతంలో నెట్‌వర్క్ మీద పోయే ప్యాకెట్లను (డేటా ముక్కలను) చూసి ఈ భాషను అర్థం చేసుకుని, యూనిక్స్ అనే ఇంకో రకం సిస్టమ్‌ల కోసం సొంతంగా ఒక సర్వర్ రాశారు. పేరు కోసం ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటలను నిఘంటువులో వెతికితే సాంబా దొరికింది. చాలా నాస్ డబ్బాల్లో నడిచేది అదే. డబ్బా కొన్న రోజు నుంచి అప్‌డేట్ చేయకపోతే లోపల ఉండేది ఆనాటి సాంబానే.

ఆ పాత రూపమే ఎస్ఎంబీ1. విండోస్ విస్టాతో ఎస్ఎంబీ2 వచ్చింది. వందకు పైగా ఉన్న కమాండ్లు 19కి తగ్గాయి. 2012లో వచ్చిన ఎస్ఎంబీ3 ఎన్‌క్రిప్షన్ తెచ్చింది, అంటే దారిలో ఎవరూ చదవలేకుండా డేటాను మార్చి పంపడం. అయినా పాత ఎక్స్‌పీ సిస్టమ్‌లు, పాత స్కానర్లు ఆగిపోకూడదని ఎస్ఎంబీ1ను విండోస్‌లో అలాగే ఉంచారు. 2016 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్‌లో ఈ విభాగం చూసే నెడ్ పైల్ దాన్ని వాడటం మానేయమని బహిరంగంగానే రాశారు. వినిపించుకున్నవాళ్లు తక్కువ.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీ1లోని పెద్ద లోపాలకు ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా, అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ దగ్గర నుంచి దొంగిలించిన హ్యాకింగ్ పనిముట్లను బయటపెట్టింది. వాటిలో ఎటర్నల్‌బ్లూ ఒకటి. ఎస్ఎంబీ వాడే 445 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) అందుబాటులో ఉండి ప్యాచ్ లేకపోతే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేకుండా లోపలికి పోతుంది. మే 12న దాని మీద ఎక్కి వచ్చింది వన్నాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ఒక కంప్యూటర్‌లో పడితే పక్కదాన్ని అదే వెతుక్కుంటుంది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం పడింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మద్దతు ఎప్పుడో ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ హడావిడిగా ప్యాచ్ విడుదల చేసింది. కానీ దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7. వాటికి ప్యాచ్ వచ్చి అప్పటికే రెండు నెలలు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అదే.

ఆ అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10, 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంబీ1 సర్వర్ భాగం, అంటే తన ఫోల్డర్లను ఇతరులకు తెరిచే భాగం, ఉండదు. హోమ్, ప్రో సిస్టమ్‌లలో ఇతరుల ఫోల్డర్లను తెరిచే క్లయింట్ భాగం మొదట్లో మిగిలినా, పదిహేను రోజులు వాడకపోతే దానంతటదే పోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది సార్" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇదే. 2019లో సాంబా 4.11 కూడా ఎస్ఎంబీ1ను డిఫాల్ట్‌గా ఆపేసింది.

ప్యాచ్ వేశాం కదా, ఇంకేం భయం అని అడుగుతారు. ప్యాచ్‌తో ఆ లోపం పోతుంది, భాష మాత్రం మారదు. అందులో ఎన్‌క్రిప్షన్ లేదు. ఎస్ఎంబీ1 తెరిచి ఉంటే మధ్యలో కూర్చున్నవాడు రెండు కొత్త కంప్యూటర్లను కూడా ఆ పాత భాషలోకి దించగలడు. ఇంకొకటి, విండోస్ ఫీచర్స్‌లో ఎస్ఎంబీ 1.0 అని ఉన్న పై గడిలో టిక్ పెడితే కింద క్లయింట్‌తోపాటు సర్వర్ కూడా ఆన్ అవుతుంది. నాస్ తెరవడానికి క్లయింట్ చాలు. ఆ కుర్రాడు తెలియక ప్రతి ల్యాప్‌టాప్‌నూ ఎస్ఎంబీ1 సర్వర్‌గా మార్చాడు.

2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 ఇంకో మెట్టు బిగించింది. ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్ డిఫాల్ట్‌గా కుదరదు, ప్రతి ప్యాకెట్‌కూ డిజిటల్ సంతకం, అంటే దారిలో ఎవరూ మార్చలేదన్న గుర్తు, కావాలి. ఆ సంతకానికి తాళంచెవి పాస్‌వర్డ్ నుంచే పుడుతుంది కాబట్టి గెస్ట్‌కు సంతకం ఉండదు. అమీర్‌పేట కోచింగ్ ల్యాబుల్లో ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చి షేరింగ్ నేర్చుకున్న మనకు ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది.

ఆ ఆఫీసులో ముందు నాస్ ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాం. సెట్టింగ్స్‌లో కనీస వెర్షన్ ఎస్ఎంబీ2 అని పెట్టాం. గెస్ట్ తీసేసి ఒక్కొక్కరికీ యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చాం. కొత్తవీ పాతవీ అన్ని కంప్యూటర్లలో టిక్ తీసి, విండోస్‌లో కమాండ్లు ఇచ్చే పవర్‌షెల్‌లో కనెక్షన్ చూస్తే డయలెక్ట్ (వాడుతున్న ఎస్ఎంబీ వెర్షన్) కింద 3.1.1 అని వచ్చింది. స్కానర్ ఒక్కటే మిగిలింది, దానికి ఎస్ఎంబీ1 తప్ప ఇంకేదీ రాదు. దాన్ని స్కాన్ టు ఈమెయిల్‌కి మార్చాం.