స్పోర్ట్స్ కారులో ఇంజిన్ ఆయిల్ చూడటం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో స్పోర్ట్స్ కార్లు ఎన్ని ఉంటాయని నవ్వకండి. విశాఖ నుంచి ఆదివారం తెల్లవారుజామున భోగాపురం మీదుగా శ్రీకాకుళం వైపు వెళ్లేవి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేవి అప్పుడప్పుడు మా మెకానిక్ షెడ్డు ముందు ఆగుతాయి. ఆయిల్ చూడమంటారు. నేను ముందు కారుతో కంపెనీ ఇచ్చే యజమాని పుస్తకం అడుగుతాను. ఇంత అనుభవం ఉండి పుస్తకం ఎందుకంటారు!

అపోహ: ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తేనే అసలు లెక్క.

వాస్తవం: రాత్రంతా నిలబడిన మామూలు కారులో ఆయిలంతా ఇంజిన్ అడుగున ఉండే చాంబర్‌లోకి దిగి ఉంటుంది కనుక ఈ పద్ధతి చాలావరకు పనికొస్తుంది. డ్రై సంప్ బండిలో ఇదే పద్ధతి ముంచుతుంది. అందులో ఆయిల్ నిల్వ ఉండేది వేరే ట్యాంకులో. ఒక పంపు ఇంజిన్ అడుగుకు జారిన ఆయిల్‌ను ట్యాంకులోకి తోడుతుంది, మరొకటి ట్యాంకు నుంచి బేరింగులకు పంపుతుంది. వేగంగా మలుపు తిరిగినప్పుడు ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయి పంపు గాలి పీల్చకుండా ఈ ఏర్పాటు. ఇంజిన్ ఆపితే ట్యాంకులోది మెల్లగా ఇంజిన్‌లోకి జారుకుంటుంది, ట్యాంకులో మట్టం చూసే గేజ్ కడ్డీ పొడిగా కనిపిస్తుంది. గాలితో చల్లబడే పాత పోర్షే 911లో అందుకే ఇంజిన్ బాగా వేడెక్కాక, అది తిరుగుతూ ఉండగానే కడ్డీ తీసి చూడాలి.

ఇలాంటి బండికే ఒకాయన పొద్దున్నే కడ్డీ పొడిగా ఉందని లీటరున్నర పోశారు. దారిలో నీలి పొగ. ఎక్కువైన ఆయిల్ గాలి గొట్టం దారి పట్టి ఎయిర్ ఫిల్టర్‌ను తడిపేసింది. పోసినదంతా తీయడానికి నాకు సగం రోజు పట్టింది.

వేడికి ఆయిల్ ఉబ్బుతుంది కూడా. 8 లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే దాదాపు 400 మిల్లీలీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది.

అపోహ: నేల కాస్త అటూఇటూ ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇలాగే అనుకున్నాను. కడిగిన నీళ్లు కాలువలోకి పోవాలని మా షెడ్డు నేల వాలుగా వేయించింది నేనే! చాలా స్పోర్ట్స్ కార్లలో చాంబర్ లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. అర మీటరు చాంబర్ 2 డిగ్రీలు వాలితే ఈ కొసకూ ఆ కొసకూ సుమారు 17 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కడ్డీ మీద కనిష్ఠ, గరిష్ఠ మట్టాలు చూపే రెండు గీతల మధ్య దూరం ఇంచుమించు అంతే ఉండే బండ్లున్నాయి. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి, షెడ్డులో సమంగా ఉన్న చోట సున్నంతో చదరం గీశాను. ఏ కారైనా ఇప్పుడు అక్కడే నిలుపుతాను.

అపోహ: నాలుగు చుక్కలు ఎక్కువుంటే ఇంజిన్‌కు మేలే.

వాస్తవం: పై గీత దాటితే క్రాంకు షాఫ్టు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఆయిల్‌ను చిలుకుతుంది. నురగ కట్టిన ఆయిల్‌లో గాలి బుడగలు ఉంటాయి, బేరింగుల మధ్య పొర నిలవదు. నేను 200 మిల్లీలీటర్ల చొప్పున పోసి మళ్లీ చూస్తాను.

అపోహ: కొత్త కార్లలో కడ్డీ లేదు, తెర మీద వచ్చే గీతే చాలు.

వాస్తవం: చాలు, కానీ ఆ సెన్సర్‌కు కూడా షరతులున్నాయి: వేడెక్కిన ఇంజిన్, సమమైన నేల, బండిని బట్టి కొంతసేపు నిరీక్షణ. ఆయిల్ పోసిన మరుక్షణం గీత కదలలేదని మళ్లీ పోసేవారే ఎక్కువ.

అపోహ: డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్ర దీపం వెలగలేదంటే ఆయిల్ సరిపడా ఉన్నట్టే.

వాస్తవం: ఆ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి సంగతి, మట్టం సంగతి కాదు. అది వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపండి.

అపోహ: ఆరు నెలలైనా మట్టం తగ్గలేదంటే ఇంజిన్ భేషుగ్గా ఉంది.

వాస్తవం: మట్టం పెరిగితే మరీ అనుమానించాలి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్ రోజూ ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగితే, కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. కాలిన ఆయిల్ లోటును అది కప్పేస్తుంది. కడ్డీ ఉంటే వాసన చూడండి. పెట్రోలు గుప్పున కొడితే గీత ఎక్కడున్నా ఆ ఆయిల్ మార్పించండి.