బల్ల గుద్దినవాడి చేతిలో ఏముంటుంది? పోకర్‌లో దూకుడుపై అపోహలు - వాస్తవాలు

విజయనగరం కోట దగ్గర మా మిత్రుడి డాబా మీద ఆదివారం సాయంత్రాలు ఐదారుగురం పోకర్ ఆడతాం. చిప్స్ (పందెం బిళ్లలు) బదులు తలో వంద చింతపిక్కలు. డబ్బు పెట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ నిషేధించారు. 2025లో కేంద్రం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బాటలను ఆపేసింది. నేను డబ్బుకు ఆడేది గోవా వెళ్లినప్పుడే, మాండవి నది మీది కాసినోల్లో. ఆట నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది గద్దించి ఆడేవాళ్ల గురించే.

అపోహ: ఊరికే రైజ్ చేస్తాడా (పందెం పెంచుతాడా)? పెద్ద ముక్కలే ఉండుంటాయి.

వాస్తవం: చేతిలో జత కాని రెండు ముక్కలుంటే, ఫ్లాప్‌లో, అంటే అందరి కోసం బల్ల మీద మొదట తెరిచే ముక్కల్లో, పడే మూడింటితో ఏదో ఒక జతైనా కలిసేది సుమారు మూడుసార్లకు ఒకసారి. మిగతా రెండుసార్లు చెయ్యి ఖాళీయే. అతనిదీ అంతే, మీదీ అంతే. దూకుడు ఆటగాడు బతికేది ఈ లెక్క మీదే. ఇద్దరికీ ఏమీ కలవనప్పుడు, ముందు చిప్స్ తోసినవాడిదే పాట్ (మధ్యలో పోగైన పందెం). రెండు ఆసులు కలిసి రావడం 221 పంపకాలకు ఒకసారి. వరసగా ఆరు చేతులు రైజ్ చేసినవాడికి ఆరుసార్లూ పెద్ద ముక్కలే వచ్చాయని నమ్మనక్కర్లేదు.

ఈ భయం మనకు మూడు ముక్కలాట నుంచి వచ్చిందని నా అభిప్రాయం. అందులో బ్లైండ్ (ముక్కలు చూడకుండా) ఆడేవాడికి ఎదురుగా ముక్కలు చూసుకున్నవాడు రెట్టింపు వెయ్యాలి. బ్లైండ్ అనగానే గుండె జారడం అక్కడే అలవాటవుతుంది. పోకర్‌లో ఆ రెట్టింపు లేదు. అతను వేసినంత మీరూ వేస్తే చాలు.

అపోహ: భయపెట్టేవాణ్ని తిరిగి భయపెట్టాలి.

వాస్తవం: కొత్తవాళ్ల చిప్స్ ఎక్కువగా పోయేది ఇక్కడే. అతను రెండుసార్లు పాట్ లాక్కుంటాడు, మనకు ఉక్రోషం వస్తుంది, మూడోసారి పనికిరాని ముక్కలతో పంతానికి పోతాం. అతనికి కావలసిందీ అదే. ముక్కలు బాగాలేకపోతే నిశ్శబ్దంగా ఫోల్డ్ చేయండి (ముక్కలు వదిలేయండి). గట్టి చెయ్యి పడితే చాలాసార్లు ఊరికే కాల్ చేయడం (అతను వేసినంతే వేయడం) మేలు. అప్పుడు అతనే తన చిప్స్ తెచ్చి మధ్యలో పోస్తాడు. వీలుంటే అతని ఎడమ పక్క కుర్చీ అడగండి. ఆట ఎడమవైపుకే తిరుగుతుంది కాబట్టి అతనేం చేశాడో చూశాకే మీ వంతు వస్తుంది. ఈ ఒక్క కుర్చీ మార్పుతో సగం టెన్షన్ పోతుంది.

అపోహ: కళ్లలోకి చూస్తే బ్లఫ్ (చేతిలో ఏమీ లేకుండా వేసే పందెం) తెలిసిపోతుంది.

వాస్తవం: నాకు తెలియదు, నేను చూడను. ఎంత వేశాడు, చివర్లో ఏ ముక్కలు చూపించాడు అన్నదే గుర్తుపెట్టుకుంటాను.

అపోహ: ఓడిపోతే ఆ కాల్ తప్పే.

వాస్తవం: గోవాలో ఒక రాత్రి నా చేతిలో ఆఠీను రాజు, కళావరు జాకీ. బల్ల మీద ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది, డైమను నాలుగు, కళావరు రెండు, చివరికి ఆఠీను ఆరు. పాట్‌లో ఆరు వేలు. ఎదుటాయన ఇంకో ఆరు వేలు విసురుగా తోసి, కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. నా చెవుల్లో గుండె చప్పుడు వినిపించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని లెక్క వేశాను. పన్నెండు వేల కోసం ఆరు వేలు, అంటే మూడింట ఒకసారి గెలిచినా పెట్టింది తిరిగొస్తుంది. రెండు గంటల్లో ఆయన పెద్ద పందెం వేసి ముక్కలు చూపించింది ఐదుసార్లు. అందులో మూడు ఉత్త బ్లఫ్‌లు. మూడో ఇస్పేటు పడలేదు కాబట్టి ఐదు ఇస్పేట్లు కలవాలని కాచుకుని, అవి కుదరని చెయ్యీ అయుండొచ్చు. కాల్ చేశాను. ఆయన రెండు ఎనిమిదులు తిప్పాడు. బల్ల మీది దానితో కలిపి మూడు ఎనిమిదులు, నా రాజుల జత కంటే పెద్దవి. ఆరు వేలు పోయాయి. అదే మనిషి, అదే పందెం మళ్లీ వస్తే మళ్లీ కాల్ చేస్తాను.

అపోహ: నోరు పారేసుకోవడం కూడా ఆటలో భాగమే, భరించాలి.

వాస్తవం: కాదు. పెద్ద పందెం ఆటలో భాగం, తిట్టు కాదు. అలాంటప్పుడు అతనికి జవాబు చెప్పకండి. కాసినోలో అయితే డీలర్‌తో (ముక్కలు పంచేవాడితో) చెప్పి ఫ్లోర్ మేనేజర్‌ని పిలిపించండి. మా డాబా మీదైతే తిట్టినవాడి పిక్కలు డబ్బాలోకి వెళ్తాయి, ఆ రోజుకి అతని ఆట అయిపోయినట్టే.