గంబోలో ఎవరి చెయ్యి ఎంత?

చిరంజీవులు చిన్నాకు, బుజ్జికి హ్యూస్టన్ నుంచి అమ్మమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అమెరికాలో లూసియానా రాష్ట్రంవాళ్ళ క్రియోల్ వంటకూ కేజన్ వంటకూ తేడా ఏమిటని మొన్న ఫోన్లో చిన్నా అడిగినదానికి నేను నోరు విప్పేలోపే మీ పెద్దమ్మ అందుకుంది. "క్రియోల్ వంటలో టమాటా ఉంటుంది, కేజన్ వంటలో ఉండదు, అంతేరా" అనేసింది. ఈ చుట్టుపక్కల ఎవర్ని అడిగినా ముందు చెప్పేది అదే. సగం నిజం కూడా. అక్కడి పెద్ద పట్నం న్యూఆర్లియన్స్‌లో జంబలాయా అనే అన్నం టమాటాతో ఎర్రగా ఉంటుంది. దానికి పడమటనున్న కేజన్ పల్లెల్లో మాంసాన్ని అడుగు పట్టేదాకా వేయించి, ఆ మాడులోనే బియ్యం వేసి వండుతారు కాబట్టి ముదురు గోధుమ రంగులో ఉంటుంది. కానీ గంబో అనే పులుసులో టమాటా వేస్తే చేతిమీద కొట్టే క్రియోల్ ముసలమ్మలూ ఉన్నారట. అందుకని టమాటా సంగతి వదిలేసి, ఆ వంట దగ్గరికి ఎవరు ఏ దారిన వచ్చారో చెప్తాను వినండి. అప్పుడు మీకే తెలుస్తుంది.

పోయిన శని ఆదివారాలు పెదనాన్న మమ్మల్ని లూసియానా తీసుకెళ్ళారు. ఇక్కడికి తూర్పున పక్క రాష్ట్రమే. లఫాయెట్ ఊరు సుమారు 350 కిలోమీటర్లు. అది కేజన్ల సీమ. అక్కడినుంచి ఇంకో 200 కిలోమీటర్ల పైచిలుకు పోతే న్యూఆర్లియన్స్. ఈ రెంటి మధ్య అచఫలాయా అనే పెద్ద చిత్తడి అడవి ఉంది. దానిమీదుగా 29 కిలోమీటర్ల పొడుగు వంతెన వేశారు. కింద నీళ్ళలో చెట్లు మొదళ్ళు ఉబ్బి నిలబడి ఉంటాయి. తాతయ్య మొసళ్ళు కనిపిస్తాయని దారిపొడుగునా కిటికీకి అతుక్కుపోయారు. ఒక్కటీ కనబడలేదు.

ముందు కేజన్ల కథ. వీళ్ళ పూర్వీకులు ఫ్రాన్స్ నుంచి కెనడా తూర్పుతీరానికి వెళ్ళి స్థిరపడ్డ రైతులు. ఆ ప్రాంతాన్ని అకేడియా అనేవారు, ఇప్పటి నోవాస్కోషియా. సముద్రపు పోటు రాకుండా గట్లు కట్టి, ఉప్పునేలను సాగులోకి తెచ్చుకున్నారు. తర్వాత ఆ నేల ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. షరతుల్లేకుండా మా రాజుకు విధేయులమని ప్రమాణం చెయ్యమన్నారు. వీళ్ళు చెయ్యలేదు. దాంతో 1755 నుంచి వేలమందిని ఓడలెక్కించి తరిమేశారు. మొగుడొక ఓడలో, పెళ్ళామొక ఓడలో. జబ్బులతో, మునకలతో ఎందరో పోయారు. మిగిలినవాళ్ళలో కొందరు 1760ల్లో లూసియానా చేరారు. 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో మరో 1,600 మంది దాకా వచ్చారు. వీళ్ళకు దక్కింది చిత్తడీ, గడ్డి మైదానమూ. అక్కడ ఏది దొరికితే అది ఒకే కుండలో వేసి, ఇంటిల్లిపాదికీ సరిపోయేలా వండుకున్నారు. పందిని కోస్తే కాలేయం కూడా పారెయ్యకుండా అన్నంతో కలిపి పేగులో కూరి బూడాన్ అని చేస్తారు. అది ఇప్పటికీ పెట్రోలు బంకుల్లో వేడివేడిగా అమ్ముతారు. పెదనాన్న తిని బాగుందన్నారు. నాకు పంది అలవాటు లేదు కాబట్టి ఆయన మాటే మీకూ నాకూ సాక్ష్యం.

బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్ళో, పెదనాన్నతో పనిచేసే ఒకాయన వాళ్ళమ్మగారి ఇంట్లో శనివారం మధ్యాహ్నం భోజనం. శనివారం తాతయ్య నీచు ముట్టరని మీకు తెలుసుగా. ఆ ఇంట్లో చిక్కుడుగింజల్లోనూ పందిమాంసమే, ఆకుకూరలోనూ పందికొవ్వే. పెద్దమ్మ డబ్బాలో పెట్టి తెచ్చిన పెరుగన్నంతో గట్టెక్కారు.

ఆవిడ గంబో వండుతుంటే నేను పొయ్యి పక్కనే నిలబడ్డాను. గంబో అంటే చిక్కటి పులుసు, అన్నంమీద పోసుకుని తింటారు. దాని ప్రాణమంతా రూ అనే ముద్దలో ఉంది. నూనె, మైదా సమానంగా మందపాటి ఇనప మూకుడులో వేసి, సన్నటి మంటమీద గరిటె ఆపకుండా తిప్పాలి. ఫోను మోగినా, తలుపు కొట్టినా కదలకూడదు. ముందు లేత పసుపు, తర్వాత వేరుశనగ ముద్ద రంగు, ఆపైన రాగి రంగు, చివరికి చాక్లెట్ రంగు. ఆవిడ దగ్గర దగ్గర గంటసేపు తిప్పారు. నల్లచుక్క ఒక్కటి కనబడినా మాడినట్టే, పారబోసి మళ్ళీ మొదలెట్టాలి. గరిటె నా చేతికివ్వమంటే నవ్వేశారు గాని ఇవ్వలేదు.

ఇక్కడ మీ సైన్సు పనికొస్తుంది. మైదాలో ఉండేది పిండిపదార్థం. దాని పొడుగాటి గొలుసులే నీళ్ళు పీల్చుకుని పులుసును చిక్కబరుస్తాయి. వేయించేకొద్దీ వేడికి ఆ గొలుసులు తెగిపోతాయి. అందుకే రూ నల్లబడేకొద్దీ రుచి, వాసన పెరుగుతాయి, చిక్కదనం తగ్గుతుంది. లేత రూ చెంచాడు చేసే పనిని ముదురు రూ చెయ్యలేదు. ఇంకా ఎక్కువ వేసుకోవాలి. రంగు కుదిరిందనగానే ఆవిడ ఉల్లిపాయ, సెలెరీ, పచ్చి బెంగళూరు మిరపకాయ ముక్కలు గుప్పున పోశారు. ఈ మూడింటినీ కలిపి ఇక్కడ 'త్రిమూర్తులు' అన్నట్టే పిలుస్తారు. ముక్కల్లోని తడి తగిలి వేడి పడిపోతుంది, రూ ఇంక మాడకుండా అక్కడే ఆగుతుంది. రుచికీ అవే, మాడకుండా ఆపడానికీ అవే. ఆ పని దగ్గరుండి చూస్తే ఎంత ముచ్చటేసిందో! అయితే మీరు మాత్రం పెద్దవాళ్ళు లేకుండా దీని జోలికి పోవద్దు. మరిగే రూ చిందితే చర్మానికి అంటుకుని వదలదు.

తర్వాత కోడి వేసి నాకు ఓ గిన్నెలోకి తీసి, అప్పుడు మిగతావాళ్ళకోసం ఆండూయీ అనే పొగబెట్టిన పంది సాసేజ్ వేశారు. అన్నం పెట్టుకున్నాక ఆవిడ చేసిన పని చూసి తాతయ్య పెరుగన్నం ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. చల్లటి బంగాళాదుంప సలాడ్ ఒక ముద్ద తీసి వేడి గంబో మధ్యలో వేసుకున్నారు. ఇక్కడ అదే అలవాటట. నేనూ వేసుకున్నాను. తప్పేం లేదు.

బుజ్జీ, ఇంగ్లీషు మీడియంలో తెలుగు మాట్లాడితే మిస్సు కోప్పడుతుందని ఏడ్చావే, ఈ గంబో వండినావిడ వాళ్ళమ్మ చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి మాట్లాడితే శిక్ష వేసేవారట. 1921లో రాష్ట్ర రాజ్యాంగమే బళ్ళలో చదువు ఇంగ్లీషులోనే చెప్పాలని రాసుకుంది. ఇంట్లో వంటల పేర్లు మాత్రం ఎవరూ మార్చలేకపోయారు.

ఇక న్యూఆర్లియన్స్. 1718లో ఫ్రెంచివాళ్ళు కట్టిన ఊరు. తర్వాత దాదాపు నలభై ఏళ్ళు స్పెయిన్ ఏలుబడి. 1803లో నెపోలియన్ లూసియానా మొత్తాన్ని అమెరికాకు అమ్మేశాడు. ఇవన్నీ రాజులు చేసిన బేరాలు. వంటింట్లో ఉన్నది మాత్రం ఎవరనుకున్నారు? ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ళు. బానిసల మొదటి ఓడలు 1719లో వచ్చాయి. ఆ ఓడల కెప్టెన్లకు ముందే చెప్పి పంపారట, విత్తనానికి కొన్ని పీపాల వడ్లు, వరి సాగు తెలిసిన మనుషులు కావాలని. వడ్లనూ మనుషులనూ ఒకే జాబితాలో రాశారు, చూడండి. ఇప్పుడు ఇక్కడ ఏ కూర పెట్టినా అన్నంమీదే పెడతారంటే దాని వెనక వాళ్ళ చేతులున్నాయి. బెండకాయ కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే. మనం బెండకాయ పులుసు పెట్టేటప్పుడు జిగురు పోవాలని ముందు ముక్కలు వేయించుకుంటాం కదా, వీళ్ళకు కావలసింది ఆ జిగురే. రొయ్యలు, పీతలు వేసిన క్రియోల్ గంబోకు చిక్కదనం దాన్నుంచే వస్తుంది. బెండకాయ దొరకని కాలంలో అక్కడి ఆదివాసులైన చాక్టా తెగవాళ్ళు నేర్పిన ఫిలే పొడి వేస్తారు. సాసఫ్రాస్ అనే చెట్టు ఆకులు ఎండబెట్టి దంచిన పొడి అది. హైతీ గొడవల్లో చెల్లాచెదురైనవాళ్ళు 1809లో క్యూబా మీదుగా వచ్చి చేరేసరికి ఊరి జనాభా దాదాపు రెట్టింపయింది. సిసిలీ వాళ్ళు వచ్చారు, జర్మన్లు వచ్చారు. ఊళ్ళోని ఈ కలగలుపు వంటే క్రియోల్. అయితే క్రియోల్ అంటే పట్నం, కేజన్ అంటే పల్లె అని గీత గీసేసుకోకండి. లఫాయెట్ చుట్టూ పల్లెల్లో నల్లజాతి క్రియోల్ రైతులు తరతరాలుగా ఉన్నారు. పక్కపక్క ఇళ్ళలో గంబో ఎవరిదని అడిగితే ఇద్దరూ మాదే అంటారు.

న్యూఆర్లియన్స్‌లో నేను చూడాలనుకున్నది డూకీ చేస్ అనే భోజనశాల. 1941 నుంచి ఉంది. దాన్ని నడిపిన లియా చేస్ 1923లో పుట్టి, 2019లో పోయారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చుని తినడం చట్టం ఒప్పుకోని రోజుల్లో, ఆవిడ మేడగదిలో పౌరహక్కుల ఉద్యమకారులు కూర్చుని గంబో తింటూ ఏం చెయ్యాలో తేల్చుకునేవారు. ఈస్టర్ ముందటి గురువారంనాడు ఆవిడ ఆకుకూరల గంబో వండేవారు. ఆకుల రకాలు బేసి సంఖ్యలోనే ఉండాలి. ఎన్ని రకాలు వేస్తే ఆ ఏడు అంతమంది కొత్త స్నేహితులు దొరుకుతారని ఇక్కడి నమ్మకం. పేరు ఆకుకూరే గాని అందులో మాంసం దండిగానే ఉంటుంది, తాతయ్యకు చెప్పాను.

మిగతా ఊరు త్వరగా చూశాం. కెఫే డు మాండ్‌లో కాఫీ తాగాం. 1862 నాటిది. కాఫీలో చికోరీ కలుపుతారు. అమెరికా అంతర్యుద్ధంలో ఓడరేవు మూసేసినప్పుడు గింజలు రాక చికోరీతో సర్దుకున్నారని చెప్తారు, అసలు ఫ్రెంచివాళ్ళకు ఆ అలవాటు అంతకు ముందే ఉంది. మన ఫిల్టర్ కాఫీ పొడిలోనూ అదే వేరు ఉంటుంది. ఒక గుక్క తాగి తాతయ్య ఇంట్లో ఉన్నట్టుంది అన్నారు. పక్కన ఇచ్చే బేన్యే అనే పిండివంట మీద చక్కెర పొడి కొండలా పోస్తారు. తినేటప్పుడు నవ్వకండి, మొహమంతా అదే. సోమవారం రాజ్మాతో అన్నం తినడం ఇక్కడి ఆచారం. ఒకప్పుడు సోమవారం బట్టలుతికే రోజు, ఆదివారం మిగిలిన మాంసపు ఎముక వేసి గింజలు పొయ్యిమీద వదిలేస్తే వాటి మానాన అవి ఉడికేవి. మేం సోమవారం ఉండలేదు.

ఇప్పుడు మీ భీమవరం రొయ్యల చెరువుల్ని గుర్తుచేసే సంగతి. బ్రో బ్రిడ్జ్ ఊరికి 1959లో రాష్ట్ర శాసనసభ 'ప్రపంచ క్రాఫిష్ రాజధాని' అని బిరుదిచ్చింది. క్రాఫిష్ మంచినీళ్ళలో బతుకుతుంది. రొయ్యకంటే గట్టి డొప్ప, ముందు పట్టుకునే కాళ్ళు రెండు. వీటిని వరిచేలోనే పెంచుతారు. వేసవి మొదట్లో చేలో వదిలితే, నీళ్ళు తీసేసినప్పుడు బొరియల్లోకి పోయి దాక్కుంటాయి. వరి కోశాక చలికాలం ముందు మళ్ళీ నీళ్ళు పెడతారు. మోళ్ళకు చిగురొస్తుంది, ఇవి పిల్లలతో బయటికొచ్చి అది తింటాయి. మే దాకా బుట్టలు పెట్టి పడతారు. ఒకే చేలో రెండు రాబడులు.

రొయ్యల సంగతి మాత్రం అంత హాయిగా లేదు. ఇక్కడి రొయ్యలు సముద్రంలో పడవలమీద పట్టేవి. డీజిలు ఖర్చు ఎక్కువ. అమెరికాకు రొయ్యలమ్మే దేశాల్లో మనదే పెద్దచెయ్యి, మనదేశంలో మన ఆంధ్రదే పెద్దచెయ్యి. మీ వీధి చివర చెరువులోని వనామీ రొయ్య ఇక్కడికొచ్చి తక్కువ ధరకు దొరికితే వీళ్ళ పడవలు ఒడ్డునే ఆగిపోతాయి. 2019లో లూసియానాలో ఒక చట్టం చేశారు. హోటల్లో వడ్డించే రొయ్యా, క్రాఫిష్షూ బయటిదేశానివైతే తినేవాళ్ళకు చెప్పి తీరాలి. మెనూ కార్డుమీద ఆ ముక్క చదువుతుంటే మన రొయ్యను వెనకేసుకు రావాలనిపించింది. పక్కబల్ల దగ్గరున్న పడవ మనిషిని చూస్తే నోరు రాలేదు.

వంటకు పేరొస్తే అన్నిసార్లూ మంచే జరగదు చిన్నా. పాల్ ప్రుడోమ్ అని ఒక కేజన్ వంటాయన, 13 మంది పిల్లల్లో కడగొట్టువాడు, రెడ్‌ఫిష్‌కు మసాలా పట్టించి బాగా కాగిన ఇనప పెనంమీద నల్లగా కాల్చాడు. 1980ల్లో దేశమంతా అదే కావాలంది. చివరికి ఆ చేప తరిగిపోయి, పట్టడంమీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

ఒక రహస్యం. లూసియానాలో క్రాఫిష్ ఉడికించే నీళ్ళలోనే కారం, ఉప్పు వేస్తారు. 1975 తర్వాత వచ్చి ఇటువైపు స్థిరపడ్డ వియత్నాం వాళ్ళు హ్యూస్టన్‌లో ఇంకో పని చేస్తారు, ఉడికాక వెల్లుల్లి, వెన్న కలిపి కుమ్మరిస్తారు. నాకదే ఎక్కువ నచ్చింది. బ్రో బ్రిడ్జ్ ఆవిడకు మాత్రం తెలియనివ్వకండి.

పెద్దమ్మ స్నేహితురాలు వచ్చే నెల విజయవాడ వస్తోంది, ఆవిడతో ఫిలే పొడి సీసా పంపిస్తున్నాను. అమ్మ రొయ్యల పులుసు పెట్టినప్పుడు, పొయ్యిమీంచి దించాక అర చెంచా కలపమనండి. మరిగేటప్పుడు వేస్తే తీగలు సాగి పాడవుతుంది. బెండకాయ వేసిన రోజు ఇది అక్కర్లేదు. ఎలా ఉందో ఇద్దరూ వేరువేరుగా రాయండి, ఒకరిది చూసి ఒకరు కాదు.

ఇట్లు,
మీ అమ్మమ్మ