ఓర్‌కు చేరని 18.5 శాతం

అమెరికా ఐస్ హాకీ క్లబ్ బోస్టన్ బ్రూయిన్స్‌లో పాత గొడవే 2024లో కొత్తగా లేచింది. 2024 సెప్టెంబర్ 30న క్లబ్ ప్రెసిడెంట్ క్యామ్ నీలీ విలేకరులతో మాట్లాడుతూ, గోల్‌కీపర్ జెరెమీ స్వేమన్ స్థానంలో తానుంటే ఈపాటికి ఆడుతూ ఉండేవాడినని, అందుకు 6.4 కోట్ల కారణాలున్నాయని అన్నారు. మేం 6.4 కోట్ల డాలర్లు ఇస్తామన్నాం, ఆ కుర్రాడే సంతకం పెట్టడం లేదని దాని అర్థం. స్వేమన్ ఏజెంట్ లూయిస్ గ్రాస్ అదే రోజు బదులిచ్చారు. ఆ అంకె చర్చల్లోకి రావడం ఇదే మొదటిసారి అన్నారు. క్లబ్ ఇచ్చానంటుంది, అవతలివాళ్లు రాలేదంటారు. బోస్టన్‌లో ఇలాంటి మాట వినపడగానే పాత అభిమానులకు ఒకప్పటి బ్రూయిన్స్ ఆటగాడు బాబీ ఓర్ గుర్తొస్తాడు.

ఓర్ గొప్పతనం గురించి మళ్లీ మొదటినుంచీ చెప్పను. డిఫెన్స్‌మన్ పని గోల్ పడకుండా చూడటమే అనుకునే రోజుల్లో, 1970లోనూ 1975లోనూ, ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు (గోల్ కొట్టినా, కొట్టడానికి సాయపడినా వచ్చేవి) చేసినవాడు. ఆ ఘనత ఇప్పటికీ మరో డిఫెన్స్‌మన్‌కు దక్కలేదు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పులు రెండు, ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నారిస్ ట్రోఫీలు వరుసగా ఎనిమిది, 1970 ఫైనల్లో గోల్ కొట్టి గాల్లో తేలిన ఆ ఫొటో అందరికీ తెలిసినవే. ఈ గొడవకు వాటితో పని లేదు. పని ఉన్నది 1976 వేసవితో.

అప్పటికి ఓర్ వయసు 28. ఎడమ మోకాలికి ఎన్ని ఆపరేషన్లు జరిగినా నొప్పి తగ్గలేదు. ఆ సీజన్‌లో ఆడింది పది మ్యాచ్‌లే. కాంట్రాక్ట్ గడువు కూడా అయిపోయింది. బ్రూయిన్స్ అప్పుడు అతని ముందు పెట్టిన ప్రతిపాదనలో జీతంతో పాటు ఇంకొకటి ఉంది: 1980లో క్లబ్‌లో 18.5 శాతం వాటా, లేదంటే 9,25,000 డాలర్లు. ఒక ఆటగాడికి క్లబ్‌లో వాటా ఇస్తామనడం ఆ రోజుల్లో ఊహకందని మాట. తనకు ఆ మాట ఎవరూ చెప్పలేదని ఓర్ అంటాడు. బోస్టన్‌కు తన మీద ఆసక్తి పోయిందనుకుని, ఐదేళ్లకు 30 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ మీద షికాగో బ్లాక్ హాక్స్‌కు వెళ్లిపోయాడు.

చెప్పాల్సిన మనిషి అలన్ ఈగిల్‌సన్. టొరంటో లాయరు. 1966లో పద్దెనిమిదేళ్ల ఓర్‌కు మొదటి కాంట్రాక్ట్ కుదిర్చింది ఆయనే. ఓర్ లాంటివాడు నమ్మాడని మిగతా ఆటగాళ్లూ ఆయన దగ్గరికి వచ్చారు. మరుసటి ఏడు, 1967లో, ఆటగాళ్ల సంఘం పెట్టి పాతికేళ్ల పాటు ఆయనే నడిపాడు. ఓర్ ఆయన్ని సొంత అన్నలా చూసుకున్నాడు, కాగితాలు చదవకుండానే సంతకాలు పెట్టేవాడు. ఆ ఈగిల్‌సన్‌కే షికాగో క్లబ్‌ను నడిపే బిల్ వర్ట్జ్‌తో మంచి స్నేహం. ఆటగాడి ఏజెంటూ ఆయనే, సంఘానికి పెద్దా ఆయనే, యజమానికి మిత్రుడూ ఆయనే. నన్నడిగితే ఓర్ కెరీర్‌ను కూల్చింది మోకాలు ఒక్కటే కాదు, ఈ మూడు పాత్రలూ ఒక్క మనిషి చేతిలో ఉండటం కూడా.

అదే ఏడాది సెప్టెంబర్‌లో, కుంటుతున్న ఆ కాలితోనే, ఓర్ దేశాల మధ్య జరిగే కెనడా కప్‌లో ఏడు మ్యాచ్‌లు ఆడి టోర్నీలో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. షికాగోకు మాత్రం మూడు సీజన్లలో కలిపి 26 మ్యాచ్‌లే ఆడగలిగాడు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇక్కడే. క్లబ్ నుంచి జీతం చెక్కులు వస్తూనే ఉన్నాయి, ఓర్ వాటిని బ్యాంకులో వేయలేదు. డబ్బు ఆడినందుకు ఇస్తారు, నేను ఆడటం లేదు కదా అన్నది అతని లెక్క. 1978 నవంబర్‌లో, 30 ఏళ్లకే, ఆట మానేశాడు. 1980లో ఈగిల్‌సన్‌తో తెగదెంపులు చేసుకునేటప్పటికి ఆస్తుల కంటే అప్పులే ఎక్కువని తేలింది.

ఈగిల్‌సన్ చెప్పేదీ ఒకటుంది. వాటా సంగతి ఓర్‌కు తానే చెప్పానని ఆయన వాదన. ఆ వాదనకు నేను ఎక్కువ బరువు ఇవ్వలేను. 1991లో మసాచుసెట్స్‌లోని లారెన్స్ అనే ఊరి చిన్న పత్రికలో రస్ కాన్వే అనే విలేకరి ఈగిల్‌సన్ లెక్కలన్నీ తవ్వి వరుస కథనాలు రాశాడు. 1998 జనవరిలో ఈగిల్‌సన్ ముందు బోస్టన్ కోర్టులో, మర్నాడు టొరంటో కోర్టులో మోసం చేసినట్టు ఒప్పుకున్నాడు. కెనడా కప్ టోర్నీల్లో రింక్ చుట్టూ బోర్డుల మీద వేసిన ప్రకటనల డబ్బు కూడా అందులో ఉంది. పది లక్షల కెనడా డాలర్ల జరిమానా, 18 నెలల శిక్ష పడ్డాయి. జైల్లో ఉన్నది ఆరు నెలలు. ఓర్ 18.5 శాతం ఆ నేరాల జాబితాలో లేదు, అది చెప్పి తీరాలి. అయితే హాకీ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈగిల్‌సన్ ఉంటే మేం ఉండమని ఓర్, గోర్డీ హౌ, బ్రాడ్ పార్క్ లాంటివాళ్లు పట్టుబట్టారు. ఆయనే రాజీనామా చేసి వెళ్లాడు.

1976 నాటి ఆ ప్రతిపాదన చేసినప్పుడు బ్రూయిన్స్ యజమాని జెరెమీ జేకబ్స్. క్లబ్ కొని అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇవాళ్టికీ యజమాని ఆయనే. క్లబ్ విలువ వంద కోట్ల డాలర్లు దాటి చాలా కాలమైంది, అంటే ఓర్‌కు చేరని ఆ వాటా తక్కువలో తక్కువ 18.5 కోట్ల డాలర్లు. స్వేమన్ విషయంలో ఏజెంటు ఏమీ దాచాడని ఎవరూ అనలేదు. ఏ అంకె ఎప్పుడు చెప్పారన్నదే అప్పటి తగాదా. ఆ సీజన్ మొదటి మ్యాచ్ 2024 అక్టోబర్ 8న ఫ్లోరిడాలో జరిగింది. దానికి రెండు రోజుల ముందు, అక్టోబర్ 6న, స్వేమన్ సంతకం పెట్టాడు.