ప్రభుత్వ పత్రాల గోప్యత వెనుక ఒక జలాంతర్గామి: థీటిస్ కేసు నేపథ్యం

రక్షణ వ్యవహారాల పత్రాలను బయటపెట్టేది లేదని ప్రభుత్వం కోర్టులో భీష్మించినప్పుడల్లా, సీల్డ్ కవర్‌లో న్యాయమూర్తికి మాత్రమే చూపిస్తామన్న మాట వచ్చినప్పుడల్లా, న్యాయవాదుల నోట తరచుగా వినిపించే పాత బ్రిటిష్ తీర్పు ఒకటి ఉంది. అది అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1942లో ఇచ్చిన ‘డంకన్ వర్సెస్ కామెల్ లెయర్డ్’ తీర్పు. ప్రభుత్వం దాచాలన్న పత్రాన్ని న్యాయమూర్తి చూడవచ్చా అన్న చర్చ మళ్లీ రాజుకున్న ఈ సమయంలో, ఆ తీర్పుకు కారణమైన థీటిస్ అనే జలాంతర్గామి కథను తిరగేయడం అవసరం.

 బర్కెన్‌హెడ్‌లోని కామెల్ లెయర్డ్ నౌకానిర్మాణ సంస్థ కట్టిన థీటిస్ 1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో పరీక్షార్థం నీట మునగడానికి బయలుదేరింది. సిబ్బందితో పాటు సంస్థ ఉద్యోగులు, నౌకాదళ కార్యాలయ అధికారులు, భోజనాలు వడ్డించే వారు సహా అందులో 103 మంది ఉన్నారు. మామూలు సిబ్బందికి ఇది ఇంచుమించు రెట్టింపు.

ఓడ అనుకున్నంత బరువు లేక మునగడానికి మొరాయించడంతో, ముందుభాగంలోని టార్పెడో గొట్టాల్లో నీరు ఉందో లేదో చూడవలసి వచ్చింది. ప్రతి గొట్టానికీ సముద్రం వైపు ఒక మూత, ఓడ లోపలి వైపు ఒక తలుపు ఉంటాయి. తలుపుకు అమర్చిన చిన్న కుళాయిని తిప్పినప్పుడు నీరు చిమ్మితే గొట్టం నిండినట్టు, చిమ్మకపోతే ఖాళీగా ఉన్నట్టు లెక్క. టార్పెడో అధికారి లెఫ్టినెంట్ వుడ్స్ అయిదో గొట్టం కుళాయి తిప్పితే నీరు రాలేదు. నిజానికి ఆ గొట్టం బయటి మూత తెరిచే ఉంది, గొట్టం నిండా సముద్రపు నీరే ఉంది. గొట్టాల లోపల పూసిన బిటుమాస్టిక్ ఎనామెల్ రంగు ఆ కుళాయి రంధ్రంలో గడ్డకట్టి దాన్ని మూసేసింది. ఖాళీ అనుకుని తలుపు తెరవగానే సముద్రం లోపలికి దూసుకొచ్చింది. బయటి మూతల స్థితిని చూపే సూచిక ముళ్లు అన్నీ ఒకే వైపు తిరిగేలా అమర్చి లేవు. రంధ్రాన్ని శుభ్రం చేసే పుల్ల లాంటి పరికరం ఉన్నా దాన్ని ఎవరూ వాడలేదు. ఆ మూత ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా తెరుచుకుందో ప్రమాదంపై జరిగిన విచారణ తేల్చలేకపోయింది.

ముందుభాగం దాదాపు 150 అడుగుల లోతున నేలకు ఆనింది. మర్నాటి ఉదయానికి తోక భాగం నీటిపైకి తేలి, వెతుకుతున్న ఓడల కంటపడింది. డేవిస్ శ్వాస పరికరాలతో నలుగురు మాత్రం బయటపడ్డారు: కెప్టెన్ ఓరమ్, వుడ్స్, స్టోకర్ ఆర్నాల్డ్, సంస్థ ఉద్యోగి షా. నీటిపై కనిపిస్తున్న ఉక్కు కవచాన్ని కోసి మిగతావారిని తీయవచ్చు కదా అన్న ప్రశ్న ఆనాడే పుట్టింది, కుటుంబాలు దాన్ని చివరిదాకా వదలలేదు. తోకను పట్టి ఉంచేందుకు కట్టిన తీగతాడు మధ్యాహ్నం తెగిపోవడంతో ఓడ పూర్తిగా మునిగింది. లోపల పేరుకుపోయిన బొగ్గుపులుసు వాయువు బారిన పడినవారితో కలిపి మృతులు 99 మంది.

ఇంతవరకూ ఇది నౌకా ప్రమాదాల చరిత్రలో ఒక అధ్యాయం. నేటి వివాదానికి పనికొచ్చే మలుపు మాత్రం సముద్రంలో కాదు, కోర్టులో వచ్చింది. మృతుల కుటుంబాలు నష్టపరిహారం కోరుతూ కామెల్ లెయర్డ్ తదితరులపై దావా వేశాయి. నిర్లక్ష్యాన్ని నిరూపించే భారం వారిదే అయినప్పుడు ఓడ నమూనా పటాలు, నిర్మాణ ఒప్పందం, వెలికితీత నివేదికలు చూడకుండా నిరూపించడం ఎలా? ఆ పత్రాలు ఇవ్వాలని వారు అడిగారు. వాటిని బయటపెడితే దేశ రక్షణకు హాని అని నౌకాదళ మంత్రి ఎ.వి. అలెగ్జాండర్ అభ్యంతరం తెలిపారు, సంస్థ ఆ అభ్యంతరాన్ని తన కవచంగా చేసుకుంది.

ప్రభుత్వ వాదనలో బలం లేదనలేం. యుద్ధం మొదలైన రోజునే, అంటే 1939 సెప్టెంబర్ 3న, సముద్రం నుంచి వెలికితీసి వేల్స్‌లోని ఆంగ్లిసీ తీరానికి చేర్చిన అదే ఓడను బాగుచేసి, ‘థండర్‌బోల్ట్’ అని పేరు మార్చి తిరిగి యుద్ధానికి పంపారు. 1940 డిసెంబర్‌లో అది ఒక ఇటాలియన్ జలాంతర్గామిని ముంచింది కూడా. హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పేనాటికి అది ఇంకా సముద్రంలో పోరాడుతూనే ఉంది. 1943 మార్చిలో సిసిలీ దగ్గర ఇటాలియన్ యుద్ధనౌక దాన్ని ముంచింది. అయితే కుటుంబాల వైపు నుంచి చూస్తే, భర్తను పోగొట్టుకున్న స్త్రీ తన కేసుకు ఆధారాలు అడుగుతుంటే, ఆ ఆధారాలున్న ఓడే పేరు మార్చుకుని సముద్రంలో తిరుగుతోంది. పైగా కుళాయి రంధ్రం రంగుతో మూసుకుపోయిన సంగతి ప్రమాదంపై జస్టిస్ బక్‌నిల్ జరిపిన విచారణలో అప్పటికే లోకానికి తెలిసిపోయింది.

1942 ఏప్రిల్‌లో లార్డ్ ఛాన్సలర్ వైకౌంట్ సైమన్ వెలువరించిన తీర్పు రెండు సూత్రాలు నిలబెట్టింది. పత్రం బయటపెట్టడం ప్రజాప్రయోజనానికి విరుద్ధమని మంత్రి సక్రమంగా చెబితే కోర్టుకు అదే అంతిమం, న్యాయమూర్తి ఆ పత్రాన్ని తాను కూడా చూడడు. అందులోని విషయం హానికరం కాకపోయినా, అది దాచదగ్గ తరగతికి చెందినదైతే చాలు. శాఖకు విమర్శ తప్పించడానికో, అసమర్థత బయటపడకుండా ఉండడానికో, నష్టపరిహారం దావాలు రాకుండా చూసుకోవడానికో ఈ హక్కును వాడకూడదని కూడా సైమన్ హెచ్చరించాడు. కానీ మంత్రి మాటను పరీక్షించే వీలు ఎవరికీ లేనప్పుడు, ఆ హెచ్చరికను అమలు చేసేదెవరు? 1946లో అసలు దావాలో వుడ్స్‌కు గానీ, కామెల్ లెయర్డ్‌కు గానీ బాధ్యత లేదని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చడంతో కుటుంబాలు ఓడిపోయాయి.

బ్రిటన్ ఈ సూత్రం నుంచి బయటపడడానికి పాతికేళ్లు పైనే పట్టింది. ‘కాన్వే వర్సెస్ రిమ్మర్’ కేసులో 1968లో లార్డ్ రీడ్ తదితరులు, థీటిస్ పత్రాల విషయంలో ఫలితం సరైనదే అయినా సూత్రాన్ని అవసరానికి మించి చాచారని, పత్రాన్ని పరిశీలించి నిర్ణయించే అధికారం కోర్టుదేనని స్పష్టం చేశారు. జలాంతర్గామి పటాలకు పనికొచ్చిన కారణం ఈ కేసులో అడిగిన, ఒక పోలీసు ఉద్యోగిపై రాసిన నివేదికలకు పనికిరాదన్నది అక్కడి సారాంశం.

మన దేశంలో 2024 జూన్ దాకా 1872 నాటి సాక్ష్య చట్టం 123, 162 సెక్షన్లు పత్రాలు దాచే ఈ హక్కుకు ఆధారంగా ఉండేవి. 1961లో సోధి సుఖ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ న్యాయమూర్తులు, రాజ్య వ్యవహారాల పత్రాన్ని కోర్టు స్వయంగా పరిశీలించరాదన్న వైపే మొగ్గారు. ఆ ధర్మాసనంలో భిన్నాభిప్రాయం రాసింది రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. ప్రభుత్వ అభ్యంతరాన్ని తోసిపుచ్చే అధికారం కోర్టుకే ఉండాలన్న ఆయన మాట అప్పట్లో ఒంటరిదే. 1975లో రాజ్ నారాయణ్ కేసు, 1981లో ఎస్.పి. గుప్తా కేసు చివరికి ఆ దిశకే వచ్చాయి. పత్రాన్ని న్యాయమూర్తి చూడవచ్చునన్నది అప్పటినుంచి స్థిరపడింది. 2019లో రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు పత్రాలపై కేంద్రం లేవనెత్తిన అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు తిరస్కరించింది. 2023లో మీడియావన్ అనే మలయాళ టీవీ ఛానల్ కేసులో దేశ భద్రత అనే మాట గాలిలోంచి తీసి వాడితే చాలదని చెబుతూ, సీల్డ్ కవర్ పద్ధతిని తప్పుపట్టింది.

అయినా చర్చ ముగియలేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ పాత సెక్షన్లను వేరే సంఖ్యలతో కొనసాగించింది. రాజ్య వ్యవహారాలకు సంబంధించినది కాకపోతేనే కోర్టు పత్రాన్ని పరిశీలించవచ్చన్న పాత మాటలు అలాగే ఉన్నాయి. మంత్రులకు, రాష్ట్రపతికి మధ్య జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలను కోర్టు తెప్పించుకోరాదన్న కొత్త నిబంధన ఒకటి అదనంగా చేరింది. న్యాయమూర్తికి పత్రం చూసే అధికారం ఉందని గుప్తా తీర్పు చెబుతుండగా, చట్టంలోని ఈ మాటల ఆధారంగా ప్రభుత్వ న్యాయవాదులు మళ్లీ 1942 తీర్పు వైపు చూడగలుగుతున్నారు.